ఆర్‌ఎక్స్ 100 బాడీ సామాను: ఒరిజినల్‌దో కాదో ఎక్కడ చూస్తే తెలుస్తుంది

వరంగల్, హన్మకొండ రోడ్ల మీద ఏపీ 36 నంబరు ప్లేటుతో యమహా ఆర్‌ఎక్స్ 100 ఇప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. దాని ఇంజన్ విప్పి బిగించే మెకానిక్‌లకు ఇక్కడ కొదవలేదు. చిక్కంతా బాడీ సామానుతోనే. ట్యాంకు, మడ్‌గార్డులు, సైడ్ ప్యానెళ్లు ఏ దుకాణంలో అడిగినా ‘కంపెనీదే అన్నా’ అంటారు. ఇంటికి తెచ్చి బిగిస్తే సీటుకూ ట్యాంకుకూ మధ్య వేలు దూరేంత సందు వస్తుంది, ప్యానెల్ గతుకుల రోడ్డు మీద గడగడలాడుతుంది.

కొనడానికి ముందు మీ బండి ఏదో తేల్చుకోండి. ఆర్‌ఎక్స్ 100 మన దేశంలో 1985 నుంచి 1996 వరకు తయారైంది. ఆ పదకొండేళ్లలో స్టిక్కర్లు, లైట్లు, చిన్నచిన్న ఫిట్టింగులు మారుతూ వచ్చాయి. ఆర్‌సీలో రిజిస్ట్రేషన్ తేదీ ఒక్కటే చూస్తే సరిపోదు, తయారీ నెల, సంవత్సరం చూడాలి. షోరూంలో నెలల తరబడి ఆగిన బండ్లకు ఆ రెంటికీ తేడా ఉంటుంది. తర్వాత వచ్చిన ఆర్‌ఎక్స్‌జీ, ఆర్‌ఎక్స్ 135 సామాను చాలావరకు దీనికి ఎక్కుతుంది. అవీ యమహావే, కాబట్టి డూప్లికేట్ అనలేం. కానీ మీ బండివి కావు. ‘పడుతుంది’ అన్న మాటకు ‘దీనిదే’ అన్న అర్థం లేదు, దుకాణదారుడు రెంటినీ కలిపేస్తాడు.

యమహా పార్టు నంబరు చదవడం వస్తే సగం మోసం అక్కడే ఆగుతుంది. అది మూడు ముక్కలుగా ఉంటుంది. మొదటి మూడు (అంకెలు, ఇంగ్లిష్ అక్షరాలు కలిసి ఉంటాయి) మోడల్ కోడ్, మధ్యలో ఐదంకెలు అది ఏ వస్తువో చెబుతాయి, చివరి రెండూ మార్పుల వరస. రంగు వేసిన వాటికి ఆ తర్వాత రంగు కోడ్ కూడా ఉంటుంది. మధ్య ఐదంకెలు 241తో మొదలైతే ట్యాంకు, 215 అయితే ముందు మడ్‌గార్డు, 216 అయితే వెనక మడ్‌గార్డు, 217 సైడ్ ప్యానెళ్లు, 223 చైన్ కవర్, 247 సీటు. నట్లు, బోల్టులు, ఆయిల్ సీళ్ల లాంటి వాటికి నంబరు 9తో మొదలవుతుంది, మోడల్ కోడ్ ఉండదు. ఇక్కడ చాలామంది తడబడతారు: మోడల్ కోడ్ వేరే ఉందని మంచి వస్తువును వదిలేస్తారు. ఆ కోడ్ ఆ వస్తువు మొదట ఏ మోడల్ కోసం వచ్చిందో చెబుతుంది. పాత మోడల్‌ది మార్చకుండా కొత్త బండికి వాడితే పాత కోడే కొనసాగుతుంది. పార్ట్స్ కేటలాగ్ తెరిచి, మీ బండి పేజీలో ఏ నంబరు ఉందో దానితో పోల్చండి. వస్తువు మీద పూర్తి నంబరు ఉండాలనీ లేదు, చాలాసార్లు మొదటి ముక్క ఒక్కటే అచ్చయి ఉంటుంది. డబ్బా మీది స్టిక్కర్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోవద్దు, దాన్ని ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు.

ట్యాంకు దగ్గర తొందరపడొద్దు, ఎక్కువ డబ్బు పోయేది ఇక్కడే. ముందు తలకిందులు చేయండి. ఫ్యాక్టరీ ట్యాంకు అంచు పొడవునా సీమ్ వెల్డింగ్ ఉంటుంది, అంటే చక్రాల మిషన్ నొక్కుకుంటూ పోయిన సన్నని, ఒకే వెడల్పు ఉన్న గీత. చిన్న వర్క్‌షాపుల్లో తీగ కరిగించి వేసే సీవోటూ వెల్డింగ్ ఉబ్బెత్తుగా కనిపించినా, గ్రైండర్ గీతలు ఉన్నా అది డూప్లికేట్ అయినా అయుండాలి, కోసి అతికినదైనా అయుండాలి. తర్వాత పలచటి బట్ట చుట్టిన చిన్న అయస్కాంతాన్ని ఒంపుల మీద మెల్లగా జరపండి. పట్టు వదులైన చోట పుట్టీ ఉంది. మోకాళ్లు తగిలే పక్కలు, ముందు మూలలు తప్పకుండా చూడాలి, బండి పడితే నొక్కుకుపోయేవి అవే. మూత తీసి టార్చ్ వేయండి. లోపల తెల్లగానో ఎర్రగానో పెయింటులాంటి పూత ఉంటే చిల్లులు పడినందుకో తుప్పు పట్టినందుకో అది పోయించి ఉంటారు. పెట్రోల్ కాక్ బోల్టు రంధ్రాల మధ్య దూరం, ముందు రబ్బర్లు కూర్చునే చోటు, వెనక బిగించే చెవి, ఈ మూడూ మీ పాత ట్యాంకుతో అట్ట ముక్క మీద గీసి పోల్చుకోండి.

లీకు చూడటానికి కంప్రెసర్ గాలి పెట్టకండి. రేకు ఉబ్బిందంటే మధ్యలోని సొరంగం విచ్చుకుని ట్యాంకు ఫ్రేము మీద సరిగ్గా కూర్చోదు. కన్నాలు మూసి సైకిల్ పంపుతో రెండు మూడు పోట్లు కొట్టి, సబ్బు నీళ్లు పూస్తే చాలు. పెట్రోల్ పోసి ఖాళీ చేసిన ట్యాంకును కడగకుండా వెల్డింగ్‌కు ఇవ్వొద్దు, లోపలి ఆవిరి పేలుతుంది.

అసలు రంగు తెలియాలంటే ఎండ తగలని చోటు కావాలి. సీటు ముక్కు కింద దాగిన భాగం అందుకు బాగుంటుంది. అక్కడ రూపాయి బిళ్లంత మేర 600 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి గుండ్రంగా రుద్దండి, చివర 1500తో నునుపు చేయండి. పెయింటు పొరలు రింగుల్లా బయటపడతాయి. నడిమధ్యన రేకు, దాన్ని చుట్టి ప్రైమర్, దాని పక్క రింగే ఫ్యాక్టరీ రంగు. బయట కనిపించే ఎరుపు ఒకటి, ఆ రింగులోని చెర్రీ రెడ్ మరొకటి కావడం మామూలే. పెయింటర్‌కు ఫోన్ ఫోటో పంపకండి, ఆ రింగునే పగటి వెలుతురులో చూపించండి.

మడ్‌గార్డుల్లో క్రోమ్ మెరుపును పట్టించుకోవద్దు. బ్రాకెట్ అతికిన చోట గుండ్రని స్పాట్ వెల్డ్ గుంటలు ఉన్నాయా, లోపలి వైపు సిల్వర్ పెయింటు కొట్టి ఏమైనా దాచారా, అది చూడాలి. చౌక సామానుకు క్రోమ్ కింద నికెల్ పలచగా ఉంటుంది, ఒక్క వానాకాలానికే సూది మొనల్లాంటి తుప్పు చుక్కలు లేస్తాయి. ముందు మడ్‌గార్డును 2.50-18 టైరు మీద పెట్టి తిప్పి చూస్తే సందు అంతటా ఒకేలా ఉండాలి. చిల్లు పడని పాత ఒరిజినల్ చేతిలో ఉంటే, తుప్పు పట్టినా సరే, కొత్త డూప్లికేట్ కన్నా నా ఓటు దానికే. ఒక్క జాగ్రత్త: దానికి మళ్లీ క్రోమ్ వేయిస్తే, ప్లేటింగ్ వాళ్లు యాసిడ్‌లో ముంచి బఫ్ (మెరుపు చక్రం) కొడితే రేకు పలచబడుతుంది, అచ్చు నంబరు అరిగిపోతుంది. ఇచ్చే ముందు నంబరు ఫోటో తీసుకోండి, అంచులు గట్టిగా రుద్దొద్దని చెప్పండి.

సైడ్ ప్యానెళ్లను వెనక్కి తిప్పితే విషయం తెలిసిపోతుంది. ఫైబర్‌తో చేసిన డూప్లికేట్ అయితే లోపల నారపోగులు కనిపిస్తాయి. అచ్చుపోసిన ప్లాస్టిక్ అయితే నంబరు ఉబ్బెత్తుగా, అంచులు పదునుగా ఉంటాయి. రబ్బరులో దూరే పుల్ల విరిగినంత మాత్రాన ఒరిజినల్‌ను పారేయకండి. ఏబీఎస్ ప్లాస్టిక్ అయితే అదే రకం ముక్కల్ని అసిటోన్‌లో కరిగించి ముద్ద చేసి అతికితే పట్టుకుంటుంది. చిన్న ముక్క వేసి చూడండి, కరగకపోతే అది వేరే ప్లాస్టిక్.

సీటు విషయంలో కవరు, స్పాంజి మార్చుకోవచ్చు, కింది ఇనుప అడుగు మాత్రం వదులుకోవద్దు. కొత్త అడుగుల్లో బిగించే చోటు అటూ ఇటూ జరిగి ఉండొచ్చు.

ఫ్రేము పౌడర్ కోటింగ్‌కు ఇస్తుంటే హ్యాండిల్ మెడ మీది ఛాసిస్ నంబరుకు టేపు వేయించండి. పాత పెయింటు తీయడానికి ఇసుక కొట్టే బ్లాస్టింగ్‌లో అది అరిగితే ఆర్‌సీ రెన్యువల్ రోజు పెన్సిల్ ట్రేస్ రాదు. బండి రంగు మారిస్తే ఆర్‌సీలోనూ మార్పించాలి. 50 ఏళ్లు దాటిన బండ్లకిచ్చే వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు ఆర్‌ఎక్స్ 100 ఇంకా రాదు, ఆ పేరు చెప్పి డబ్బులడిగే బ్రోకర్లను నమ్మొద్దు.

హైదరాబాద్ పుత్లీబౌలి, ఢిల్లీ కరోల్‌బాగ్ లాంటి స్పేర్ పార్టుల బజార్ల నుంచి తెప్పిస్తే అడ్వాన్సుకు ముందే నాలుగు ఫోటోలు అడగండి: వెనక వైపు, నంబరు దగ్గరగా, బోల్టు రంధ్రాల పక్కన స్కేలు పెట్టి ఒకటి, వెల్డింగ్ గీత మీద టార్చ్ వేసి ఇంకొకటి. మెరిసే వైపు ఫోటో ఒక్కటే మళ్లీ మళ్లీ పంపుతుంటే అడ్వాన్సు వేయకండి.