సిబిల్ 540 ఉన్నవాడికి జీరో అకౌంట్: నా అనుభవం

పాస్‌బుక్ నిన్న సాయంత్రం చేతికొచ్చింది. మొత్తం ఆరు వారాలు. అందులో ఐదు వారాలు ఒక్క మాట చుట్టూనే తిరిగాయి: "మీ సిబిల్ బాలేదు కదండీ, అకౌంట్ కష్టం." ఆ మాటన్న మనిషి పేరు, ఆ బ్యాంకు పేరు ఇక్కడ అనవసరం. ఆ మాట ఎందుకు తప్పో మాత్రం వివరంగా రాస్తాను, నా తరవాత వెళ్లేవాళ్లకి ఆ ఐదు వారాలైనా మిగులుతాయి.

సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది. మన పాత అప్పులు ఎలా కట్టామన్నదానికి వేసే మార్కు అది, అప్పు ఇచ్చేవాడు చూసుకునే లెక్క. సేవింగ్స్ ఖాతాలో డబ్బు వేసేది మనం, అంటే అక్కడ అప్పిస్తున్నది మనమే, తీసుకుంటున్నది బ్యాంకు. ఖాతా తెరవడానికి బ్యాంకు చూడాల్సింది కేవైసీ, అంటే మనమెవరో చూపే కాయితాలు: ఆధార్, ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు, పాస్‌పోర్టు, ఉపాధి హామీ జాబ్ కార్డు లాంటివాటిలో ఒకటి, దాంతోపాటు పాన్ కార్డు, పాన్ లేకపోతే ఆ సంగతి రాసిచ్చే డిక్లరేషన్ ఫారం. స్కోరు ఇంత ఉంటేనే ఖాతా అని ఏ నిబంధనలోనూ లేదు. ఓవర్‌డ్రాఫ్ట్ (ఖాతాలో లేకపోయినా బ్యాంకు తీసుకోనిచ్చే అప్పు), క్రెడిట్ కార్డు అడిగినప్పుడు చూసుకోమనండి, తప్పులేదు. నాకు అవేవీ అక్కర్లేదు.

ఐతే మన అప్పుల చరిత్రకి ఖాతాతో సంబంధమే లేదనుకుంటే అంతకన్నా పెద్ద దెబ్బ తగులుతుంది. సంబంధం స్కోరుతో కాదు, బాకీ ఏ బ్యాంకులో ఉందన్నదానితో. బాకీ ఉన్న బ్యాంకులోనే కొత్త ఖాతా తెరిచారా, అందులో పడిన జీతాన్ని ఆ బాకీ కింద సర్దుకునే హక్కు బ్యాంకుకి ఉంటుంది. సెట్ ఆఫ్ అంటారు. కాంట్రాక్టు చట్టం 171వ సెక్షన్ బ్యాంకర్లకి ఇచ్చిన హక్కు ఒకటి, మనం చదవకుండా సంతకం పెట్టిన లోన్ కాయితాల్లో ఉండే క్లాజు ఇంకొకటి. ముందు హోల్డ్ పడుతుంది: బ్యాలెన్స్ కనబడుతుంది, తీయబోతే రాదు. తరవాత కట్ అవుతుంది. కాబట్టి బ్యాంకు ఎంచుకునేముందు ఒక తెల్ల కాయితం మీద బాకీలన్నీ రాయండి: కార్డులు, పర్సనల్ లోను, బంగారం మీద తీసుకున్నది, ఎవరికో జామీను సంతకం పెట్టినది కూడా. ఆ జాబితాలో ఉన్న బ్యాంకులన్నీ కొట్టెయ్యండి. మిగిలినవాటిలో ఇంటికి దగ్గరున్నది చూసుకోండి.

ఈ మధ్య బ్యాంకులు కలిసిపోయాయన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు గ్రామీణ బ్యాంకులూ 2025 మే 1 నుంచి ఒకే ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పేరు మీదున్న బాకీ కొత్త పేరు వెంట వస్తుంది. "ఆ బ్యాంకు ఇప్పుడు లేదుగా" అని ఊరట పడకండి.

బాకీలు మరీ ఎక్కువచోట్ల ఉన్నవాళ్లకి పోస్టాఫీసులో నడిచే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు ఒక దారి. పేమెంట్స్ బ్యాంకులు అప్పులివ్వకూడదు, కాబట్టి సర్దుకోవడానికి అక్కడ మన బాకీ ఉండదు. రోజు చివర నిల్వ 2 లక్షలు దాటకూడదన్నదే పరిమితి. మన స్థితిలో అదేం ఇబ్బంది కాదు.

ఇప్పుడు ఏ రకం ఖాతా అన్నది. జనం అన్నిటినీ కలిపి "జీరో అకౌంట్" అంటారు, గొడవంతా అక్కడే మొదలవుతుంది. అడగాల్సిన పేరు బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్, పొడి అక్షరాల్లో బీఎస్‌బీడీ. 2005లో నో ఫ్రిల్స్ ఖాతాలని మొదలై, 2012 ఆగస్టులో ఈ పేరుకి మారింది. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం ఇందులో మినిమం బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డు ఉచితం, నెలలో ఎన్నిసార్లయినా వేసుకోవచ్చు, ఏటీఎంతో కలిపి కనీసం నాలుగుసార్లు రుసుము లేకుండా తీసుకోవచ్చు. జన్‌ధన్ కూడా బీఎస్‌బీడీయే, దానికి రూపే కార్డు ప్రమాద బీమా, అర్హత కుదిరితే 10,000 దాకా ఓవర్‌డ్రాఫ్ట్ తోడవుతాయి. ఆ ఓవర్‌డ్రాఫ్ట్ దగ్గర మాత్రం మన చరిత్ర చూస్తారు, ఆశ పెట్టుకోవద్దు. గుర్తింపు కాయితాలు ఒక్కటీ లేనివాళ్లకి ఛోటా ఖాతా ఉంది: ఏడాదికి లక్ష జమ, నిల్వ 50,000, నెలకి 10,000 విత్‌డ్రాయల్ మించకూడదు, గడువు పన్నెండు నెలలు. ఆధార్ ఉన్నవాళ్లు దాని జోలికి పోనక్కర్లేదు. కౌంటర్లో మిమ్మల్ని అటు తోస్తే వద్దనండి.

ప్రభుత్వ బ్యాంకుల్లో కొన్ని మామూలు సేవింగ్స్ ఖాతాకే మినిమం బ్యాలెన్స్ జరిమానా ఎత్తేశాయి, స్టేట్ బ్యాంకు 2020లో, కెనరా 2025 జూన్‌లో. మరి బీఎస్‌బీడీ దేనికంటారా? మామూలు ఖాతాలో జరిమానా లేకపోయినా కార్డుకి ఏడాది రుసుము ఉండొచ్చు. బ్యాంకు తన విధానం రేపు మార్చుకోవచ్చు కూడా. బీఎస్‌బీడీలో కనీస సేవలు ఉచితంగా ఇవ్వాలన్నది బ్యాంకు దయ కాదు, రిజర్వు బ్యాంకు నియమం.

ఇక కౌంటర్.

మొదటి శాఖలో "సిబిల్ చూశాక చెప్తాం" అన్నారు. సేవింగ్స్ ఖాతాకి సిబిల్ చూడటానికి నేను ఒప్పుకోలేదు, చూడాల్సిన పనీ లేదు. అయినా నా పాన్ నంబరు కొట్టి, స్క్రీను నావైపు తిప్పి, లైన్లో ఉన్న నలుగురి ముందు "540 అండి, సెటిల్‌మెంట్ కూడా ఉంది" అని చదివారు. సెటిల్‌మెంట్ అంటే అప్పు మొత్తం కాకుండా కొంత కట్టి ముగించుకోవడం. కోపమంతా నాకు అక్కడే. పేదవాడనో అప్పున్నవాడనో కాదు, నా కాయితం నా వెనకున్నవాళ్లకి వినిపించినందుకు. ఇలాంటిచోట వాదనకి దిగితే గొంతు పెరుగుతుందే తప్ప ఖాతా రాదు. చేయాల్సింది ఒకటే: "తెరవలేమని రాసివ్వండి" అనడం. రాసివ్వరు. ఎందుకంటే రాయడానికి కారణం దొరకదు.

రెండో శాఖలో ఇంకో పాట: "జీరో అకౌంట్లు కూలీలకి, పల్లెటూరి వాళ్లకండీ, మీకు వేరే స్కీము ఉంది." ఇదీ తప్పే. బీఎస్‌బీడీకి ఆదాయ పరిమితి లేదు, ఊరి పరిమితి లేదు. ఉన్న షరతులు రెండే. ఒకటి, అదే బ్యాంకులో మనకి వేరే సేవింగ్స్ ఖాతా ఉండకూడదు, ఉంటే కొత్తది తెరిచిన 30 రోజుల్లో పాతది మూసెయ్యాలి. రెండు, మరే బ్యాంకులోనూ బీఎస్‌బీడీ లేదని డిక్లరేషన్ ఇవ్వాలి. వేరే బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఉంటే అడ్డంకి కాదు. ఎప్పుడో 2014లో ఊళ్లో క్యాంపు పెట్టినప్పుడు తీసిన జన్‌ధన్ ఖాతా మీ పేరు మీద పడి ఉందేమో ముందే చూసుకోండి. అది కూడా బీఎస్‌బీడీ కిందే లెక్క. రెండేళ్లు లావాదేవీ లేకపోతే ఇన్‌ఆపరేటివ్ అవుతుంది, అంటే నిద్రపోతుంది కానీ పోదు, తిరిగి తెరిపించుకోవడానికి రుసుమూ లేదు. ఆ బ్యాంకులో మీకు బాకీ లేకపోతే కొత్తదానికన్నా అదే సులువు.

రెండో శాఖకి నేను ఉత్తరం రాశాను. అరపేజీ చాలు. తేదీ, "బీఎస్‌బీడీ ఖాతా తెరవమని విన్నపం" అన్న విషయం, బీఎస్‌బీడీ మీద రిజర్వు బ్యాంకు నియమాల ప్రస్తావన, పై రెండు డిక్లరేషన్లు, జతచేసిన కాయితాల పేర్లు, చివర "తెరవడం వీలుకాని పక్షంలో కారణం రాతపూర్వకంగా తెలియజేయగలరు" అన్న వాక్యం. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద ఇన్వర్డ్ స్టాంపు (ఉత్తరం అందిందన్న ముద్ర), తేదీ వేయించుకోవాలి. స్టాంపు వెయ్యనంటే బయటికొచ్చి అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి, చేరినట్టు రుజువు దాచుకోండి, ఒక ప్రతి రీజనల్ ఆఫీసుకి కూడా. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారి) సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్లో ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు, 14448కి ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెప్తారు. ముందు బ్యాంకుకి రాయకుండా నేరుగా అక్కడికి వెళ్తే తిప్పి పంపుతారు, అందుకే స్టాంపున్న ప్రతి ప్రాణం. నాకు అంతదూరం పోవాల్సిన పని పడలేదు. రీజనల్ ఆఫీసుకి ప్రతి చేరిన తొమ్మిదో రోజు శాఖ నుంచే ఫోను, "రండి సార్" అని. అంతకుముందు "ఏవయ్యా" అన్న గొంతే.

అయిపోయిందనుకున్నాను. కాలేదు. ట్యాబులో వేలిముద్ర తీసుకుని, పది నిమిషాల్లో ఖాతా నంబరిచ్చి, కిట్ చేతిలో పెట్టారు. ఇంటికొచ్చి చూస్తే కార్డు మీద ప్లాటినం అని ఉంది, వెల్‌కం లెటర్‌లో నెలకి సగటున 2,000 ఉంచాలని ఉంది. బీఎస్‌బీడీ అడిగితే మామూలు సేవింగ్స్ తెరిచారు! పొరపాటో, టార్గెట్టో నాకు తెలియదు. చాలామంది ఇక్కడే మోసపోతారు, ఆరు నెలల తరవాత పాస్‌బుక్ ఎంట్రీ వేయించినప్పుడు గాని బయటపడదు. కౌంటర్ దగ్గరే, సంతకం పెట్టకముందే, స్క్రీను మీద ఖాతా రకం అన్నచోట బీఎస్‌బీడీ అని ఉందో లేదో చూడండి. స్క్రీను తిప్పడం వాళ్లకి చేతకాని పనేం కాదని మొదటి శాఖలోనే తెలిసిందిగా. తప్పు రకం తెరిస్తే కొత్త ఖాతా అక్కర్లేదు, ఉన్నదాన్నే బీఎస్‌బీడీగా మార్చమని రాసిస్తే చాలు. నంబరు మారలేదు, కార్డు మారింది.

సంతకాల దగ్గర ఇంకో సంగతి. దరఖాస్తు చివర ప్రమాద బీమాకి ఏడాదికి 20, జీవిత బీమాకి 436 రూపాయలు ఆటో డెబిట్ గడులు ఉంటాయి. పథకాలు చెడ్డవని కాదు, 20 రూపాయలది నేను తీసుకున్నాను. కానీ మనల్ని అడగకుండా ముందే టిక్ పెట్టి ఉంచుతారు. అక్కర్లేనిదాన్ని పెన్నుతో కొట్టేసి పక్కన పొడి సంతకం పెట్టండి.

కాయితాల్లో మనవాళ్లకి తగిలే దెబ్బ ఇంటిపేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో పొడి అక్షరం ఉంటే సిస్టం సరిపోలలేదంటుంది. ముందే ఒకదాన్ని సరిచేసుకుని వెళ్లండి. ఫొటోలు, మొబైల్ నంబరు, నామినీ వివరాలు, వీటితో ఏ ఇబ్బందీ లేదు.

నాలుగు విత్‌డ్రాయల్స్ లెక్క జాగ్రత్త. మన ఏటీఎం, పక్క బ్యాంకు ఏటీఎం, కౌంటర్ అన్నీ కలిపి నాలుగు. బ్యాంకు మిత్ర (ఊళ్లో బ్యాంకు తరఫున పనిచేసే ఏజెంటు) దగ్గర వేలిముద్ర వేసి తీసుకున్నదాన్నీ కలుపుతారేమో మీ శాఖలో అడిగి తెలుసుకోండి. దాటితే నా బ్యాంకులో ఒక్కోదానికి 15 రూపాయలు, పైన జీఎస్టీ. అందుకని నేను వారానికోసారి ఒకేసారి తీస్తాను. యూపీఐ చెల్లింపుల్ని కూడా ఈ లెక్కలో వేసి కొన్ని బ్యాంకులు డబ్బు కోస్తే, 2020 ఆగస్టు 30న ప్రత్యక్ష పన్నుల బోర్డు ఆ సంవత్సరం జనవరి నుంచి వసూలు చేసినవి తిరిగివ్వమంది. మీ పాస్‌బుక్‌లో యూపీఐ పేరుతో కోత కనబడితే ఆ తేదీ చూపించి అడగండి.

పాత లోన్లకి ఇచ్చిన ఈఎంఐ మ్యాండేట్ (ఖాతాలోంచి వాయిదా దానంతటది కోసుకొమ్మన్న అనుమతి) కొత్త ఖాతాకి దానంతటది రాదు, మనం సంతకం పెడితేనే వస్తుంది. రికవరీ వాళ్లు "కొత్త అకౌంట్ డీటెయిల్స్ పంపండి, అప్‌డేట్ చేస్తాం" అంటారు. కట్టగలిగినంత మనమే వేద్దాం, మ్యాండేట్ మాత్రం ఇవ్వకండి. నిల్వ లేక బౌన్సయితే ఇటు బ్యాంకు, అటు లోనువాడు ఇద్దరూ రుసుము వేస్తారు, చట్టంలో అది చెక్కు బౌన్సుతో సమానం కూడా.

స్కోరు సంగతంటారా, నాలుగు సంస్థలు (సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్) ఏడాదికొక రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. తప్పుంటే ఫిర్యాదు పెట్టండి, 30 రోజులు దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం. నాది తప్పు కాదు, నిజంగానే సెటిల్‌మెంట్, కాబట్టి ఆ గొడవలోకి వెళ్లలేదు.

చివరిది ఆధార్ సీడింగ్. ఖాతాకి ఆధార్ ఇవ్వడం వేరు, ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాపర్లో, అంటే ఏ ఆధార్‌కి ఏ బ్యాంకన్న జాబితాలో, ఆ బ్యాంకు పేరు ఎక్కడం వేరు. దీన్నే సీడింగ్ అంటారు. పీఎం కిసాన్ అయినా గ్యాస్ సబ్సిడీ అయినా ఆధార్ ఆధారంగా వేసే డబ్బు మ్యాపర్లో ఉన్న బ్యాంకుకే పోతుంది. అది ఇంకా బాకీ ఉన్న పాత బ్యాంకే అయితే మనం పడిన శ్రమంతా బూడిదలో పోసినట్టే. సీడింగ్ సమ్మతి ఫారం విడిగా అడిగి నింపండి, పాత బ్యాంకు పేరు రాసే గడి కూడా అందులో ఉంటుంది. తరవాత మై ఆధార్ వెబ్‌సైట్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూడండి. నాది మూడు రోజులు పాత పేరే చూపించింది. నిన్న పాస్‌బుక్ తెచ్చుకున్నాక మళ్లీ చూస్తే కొత్త బ్యాంకు పేరు, పక్కన యాక్టివ్.