శనగలు ఉడికించిన నీళ్లు

గిన్నెను మెల్లగా తలకిందులు చేశాను. నురుగు జారలేదు, కదలనైనా లేదు!

ఇందులో గుడ్డు లేదు. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లే. కాస్త చిక్కబడేదాకా మరిగించి, పూర్తిగా చల్లార్చి, బీటరుతో గిలకొట్టాను. మొదట సబ్బునీళ్లలా పలుచటి బుడగలు మాత్రమే. చాలాసేపటికి తెల్లబడింది. చక్కెర పొడి కొద్దికొద్దిగా వేసేకొద్దీ మెరుపు వచ్చి, కొనలు నిటారుగా నిలబడ్డాయి.

ఉడికేటప్పుడు శనగల నుంచి నీటిలోకి దిగిన ప్రోటీన్లు, సాపోనిన్లు అనే నురుగు పుట్టించే పదార్థాలు గాలిని అలా పట్టి ఉంచుతాయట. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి సంగీతకారుడు ఈ సంగతి కనిపెట్టి అందరితో పంచుకున్నారు. ఆయనకు ఈ రోజు మనసారా కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

కరిగించిన డార్క్ చాక్లెట్ గోరువెచ్చగా అయ్యాక నురుగులో కలిపాను. చాక్లెట్ వేడిగా ఉంటే నురుగు కూలిపోతుంది. ప్యాకెట్ మీద పాలపొడి లేదని చూసుకోవడం మరవకండి, కొన్ని డార్క్ చాక్లెట్లలో ఉంటుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టిన మూస్‌లో (నురుగుతో చేసే మెత్తటి తీపి వంటకం) శనగల వాసన జాడైనా లేదు.

పాలు, గుడ్లు మానేశాక తినడానికి ఏం మిగులుతుందని నన్ను తరచూ అడుగుతుంటారు. నాకైతే వంటింట్లో ఇంత కుతూహలం ఇంతకు ముందెప్పుడూ లేదు. పారబోసే నీళ్లను కూడా ఆగి చూస్తున్నాను.

మిగిలిన శనగల నీళ్లను ఐస్ ట్రేలో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఒక గుడ్డుకు బదులు సుమారు మూడు టేబుల్ స్పూన్లు సరిపోతాయి. ఆదివారం కేకు చేస్తాను. దీనితో మయోనైజ్ చేసినవారు ఎవరైనా ఉంటే నూనె కొలత చెప్పండి.