జాంబవంతుడి కాలి మాసిక

మా ఇంట్లో అందరూ జాంబవంతుడని పిలిచే టెడ్డీబేర్ వయసు ఎనభై ఏళ్లు దాటింది. తాతయ్య వాల్తేరు స్టేషన్లో గుమాస్తాగా పనిచేసేవారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాక ఊరు విడిచి వెళ్లినవాళ్లలో రైల్వే కాలనీలోని ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం కూడా ఉందనీ, వాళ్లు మోసుకుపోలేక వదిలిన సామాన్లతో పాటు ఈ బొమ్మ తాతయ్య చేతికి వచ్చిందనీ మా మేనత్త చెబుతుంది. అప్పటినుంచి అది మహారాణిపేటలోని మా ఇంట్లో ట్రంకుపెట్టెలోనే ఉంటూ వచ్చింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీ అద్దాలు పగలగొట్టినప్పుడు పెట్టెలోకి నీళ్లు చేరాయి. పైకి ఆరినట్టే కనిపించినా లోపల తుప్పు తన పని తాను చేసుకుపోయింది. ఎడమ చెయ్యి వేలాడిపోయింది, భుజం దగ్గర బట్ట చిరిగింది, అరచేతుల్లోని ఫెల్టును, అంటే ఉన్నిని అదిమి చేసిన మందపాటి గుడ్డను, పురుగులు తినేశాయి.

పని మొదలుపెట్టే ముందు బొమ్మను తిప్పి తిప్పి చూశాను. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లి, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నాడనీ, దానిమీద క్లిఫర్డ్ బెర్రీమన్ గీసిన కార్టూను వల్లే ఈ బొమ్మలకు టెడ్డీ అనే పేరు వచ్చిందనీ చాలామందికి తెలుసు. మన బొమ్మ ఎక్కడిదో తెలుసుకోవడానికి మాత్రం ఆ కథ పనికిరాదు, బొమ్మనే అడగాలి. జర్మనీలోని స్టైఫ్ కంపెనీ 1904 నుంచి తన బొమ్మల ఎడమ చెవికి లోహపు గుండీ బిగిస్తూ వచ్చింది. మా దానికి గుండీ లేదు, ఊడిపోయిన చిల్లు కూడా లేదు. తల గట్టిగా, నొక్కితే కరకరలాడుతూ ఉంటుంది, ఒళ్లు మాత్రం తేలిక. తలలో కొయ్య తురుము, ఒంట్లో బూరుగు దూది కూరడం రెండు ప్రపంచయుద్ధాల మధ్య ఇంగ్లండులో తయారైన బొమ్మలలో తరచుగా కనిపించే పద్ధతి. కళ్లు తీగ కాడలున్న గాజువి. అందుచేత ఇది ఇంగ్లండుదే అయి ఉంటుందన్నది నా అభిప్రాయం. పేరు కుట్టిన చీటీ లేదు కాబట్టి ఫలానా కంపెనీది అని చెప్పడానికి నేను సిద్ధంగా లేను.

బాగుచేయడానికి వర్షాలు లేని జనవరి, ఫిబ్రవరి నెలలను ఎంచుకున్నాను. సముద్రం ఇంత దగ్గరగా ఉన్న ఊళ్లో గాలిలో తేమ, ఉప్పు ఎప్పుడూ ఉండేవే అయినా, ఆ రెండు నెలల్లో తడిసిన బట్ట కాస్త నమ్మకంగా ఆరుతుంది.

మొదట పురుగుల సంగతి చూడాలి. బొమ్మను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో రెండు వారాలుంచి, బయటికి తీసి మామూలు వేడికి రానిచ్చి, మళ్లీ ఒకసారి ఫ్రీజర్లో పెట్టాను. మొదటి చలికి చావకుండా మిగిలిన గుడ్లు పొదిగినా రెండోసారి బతకవు. చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకూడదన్న నియమం మన ఊరికి మరీ ముఖ్యం, ఎందుకంటే విశాఖ గాలి తగిలిన మరుక్షణం చల్లని బొచ్చు మీద నీటి బొట్లు పేరుకుంటాయి. సంచిలోనే ఉంటే ఆ చెమ్మ సంచి పైననే ఆగిపోతుంది. ఫ్రీజర్లో ఒక అరను వంజరాలకు, రొయ్యలకు కేటాయించుకున్న ఇల్లు మాది కాబట్టి ఈ ఏర్పాటుకు అందరినీ ఒప్పించడం కుట్టుపని కంటే కష్టమైంది.

తరువాత వ్యాక్యూమ్ క్లీనర్ గొట్టం మూతికి దోమతెర ముక్క కట్టి, గాలి వేగం బాగా తగ్గించి, దుమ్మూ బూజూ లాగేశాను. బొచ్చు అంగోరా మేకలది, మోహెయిర్ అంటారు. అది గట్టిదే. దాన్ని పట్టి ఉంచే నూలు బట్టే ముందు జీర్ణిస్తుంది. అందువల్ల ఇటువంటి బొమ్మను నీళ్లలో ముంచకూడదు. ముంచితే కొయ్య తురుము ఉబ్బుతుంది, లోపలి అట్టబిళ్లలు మెత్తబడతాయి, పిన్నులు తుప్పు పడతాయి. ఘాటులేని ద్రవ సబ్బును గిన్నెలో చిలికి, పైన తేలిన నురగను మాత్రం మెత్తని బ్రష్షుతో బొచ్చు వాలు వెంట రాసి, డిస్టిల్డ్ వాటర్‌లో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, నీడలో ఫ్యాను కింద ఆరబెట్టాను. పట్టుచీరలకు వాడే కుంకుడు రసం వాడమని మేనత్త సలహా ఇచ్చింది. ఆ రసానికి ఉన్న గోధుమ రంగు లేత బంగారు రంగు బొచ్చుకు అంటుతుందేమోనని నేను సాహసించలేదు.

వీపు మీది కుట్టు విప్పడం ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. కంపెనీవాళ్లు చివరగా మూసిన కుట్టు అదే కాబట్టి విప్పవలసిందీ అక్కడే. ఫ్యాను ఆపి, ముక్కుకు గుడ్డ కట్టుకుని దూదిని కొద్దికొద్దిగా కాగితం సంచిలోకి తీశాను. బూరుగు పోగులు లోపల డొల్లగా, పైన మైనపు పూతతో ఉంటాయి, నీటిని సులభంగా పీల్చవు. ఒకప్పుడు లైఫ్ జాకెట్లలో నింపినది కూడా ఈ దూదినే. అందువల్లనే తుపాను నీళ్లలో తడిసినా ఒంట్లోని దూది చాలావరకు బాగుంది, దాని మధ్యనున్న అట్ట, ఇనుము మాత్రం పాడైపోయాయి. చెయ్యి కదలడానికి చేతిలో ఒకటి, ఒంట్లో ఒకటి చొప్పున రెండు అట్టబిళ్లలు, వాటి మధ్యగా దూర్చి కొసలు చుట్టిన ఒక స్ప్లిట్ పిన్ను ఉంటాయి. ఆ పిన్ను తుప్పుతో రెండు ముక్కలైంది. పూర్ణా మార్కెట్ దగ్గర స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్ను, వాషర్లు కొన్నాను, బిళ్లలు మందపాటి అట్టతో కత్తిరించాను. నోస్ ప్లయర్‌తో పిన్ను కొసలను చెరొకవైపు చుట్టేటప్పుడు చెయ్యి కాస్త బిగువుగా తిరిగేలా వదిలాను, అట్ట నలిగేకొద్దీ ఆ బిగువు ఎలాగూ సడలుతుంది. పాత దూదినే తిరిగి కూరి, చాలని చోట పరుపుల దుకాణంలో కొన్న కొత్త బూరుగు దూది కలిపాను. పాలియెస్టర్ దూది చవకే, కానీ నొక్కితే అది తిరిగి ఉబికే తీరు వేరు. పట్టుకోగానే వేరే బొమ్మను ఎత్తుకున్నట్టుంటుంది.

పొట్టలో వంచితే గుర్రుమనే డబ్బా ఒకటుంది. హార్మోనియంలో లాగా తిత్తి, రీడు ఉన్న పరికరం అది. తిత్తి చిరిగింది. దాన్ని తుడిచి అలాగే లోపల పెట్టేశాను.

భుజం చిరుగుకు లోపలివైపు పలచని నూలుగుడ్డ పరిచి, వంపుసూదితో పైకి కనపడకుండా కుట్టాను. కుట్టే దారం బట్ట కంటే బలహీనంగా ఉండాలి. లాగుడు పడ్డప్పుడు దారం తెగితే మళ్లీ కుట్టుకోవచ్చు, పాత బట్ట చిరిగితే అతికించేందుకు ఏమీ మిగలదు. నైలాన్ దారంతో గట్టిగా లాగి కుట్టిన పాత బొమ్మలు కొన్ని చూశాను, కుట్టు నిక్షేపంలా ఉంటుంది, దాని పక్కన బట్ట బారుగా తెగి ఉంటుంది.

ఇక కాళ్లూ చేతులూ. రెండు అరచేతుల ఫెల్టు జల్లెడైపోయింది, కుడి అరికాలిదీ అంతే. ఎడమ అరికాలు మాత్రం చెక్కుచెదరలేదు, ఎందుకంటే అక్కడ ఉన్నది ఫెల్టు కాదు, మామ్మ ఎప్పుడో వేసిన మాసిక. తాతయ్య పాత పొందూరు ఖద్దరు కండువా ముక్క అది, అంచు ఎరుపు ఇంకా తెలుస్తోంది. బొమ్మ తయారైన రోజున ఎలా ఉందో అలా చేయాలనుకుంటే ఆ మాసికను తీసేయాలి. తీద్దామనే అనుకున్నాను. "మిగతావన్నీ నీ ఇష్టం. అమ్మ వేసిన మాసిక జోలికి మాత్రం వెళ్లకురా" అంది మేనత్త. ఆమె మాట కాదనలేక ఊరుకోలేదు, ఆలోచిస్తే ఆ గుడ్డకు అక్కడుండే హక్కు ఉందనిపించింది. ఉన్నినీ బొచ్చునీ తినే పురుగులకు కావలసింది జంతువుల రోమంలో ఉండే కెరాటిన్. ఉతికిన నూలుబట్టలో వాటికి తిండి లేదు. ఇంగ్లండు ఉన్ని ఫెల్టును తినేసిన పురుగులు మామ్మ మాసిక దగ్గర ఆగిపోయాయి. పాతవస్తువులు సేకరించేవారు అసలు తయారీని తప్ప దేనినీ లెక్కచేయరనీ, ఇటువంటి మాసిక ధరను తగ్గిస్తుందనీ నాకు తెలుసు. మేము దీన్ని అమ్మబోవడం లేదు. ఈ బొమ్మ కంపెనీలో ఉన్న కాలమెంత, మా ఇంట్లో ఉన్న కాలమెంత!

మిగతా మూడింటికి కొత్త ఫెల్టు వేశాను, మిగిలిన పాత ఫెల్టును తీయకుండా దానిమీదే కుట్టాను. దుకాణాల్లో ఉన్ని ఫెల్టని చూపించేది చాలావరకు అక్రిలిక్. ఒక పోగు లాగి అంటిస్తే తెలిసిపోతుంది: ఉన్ని వెంట్రుకలు కాలిన వాసనతో నుసి అవుతుంది, అక్రిలిక్ కరిగి నల్లని పూసలా గట్టిపడుతుంది. ముక్కు దారాలు ఊడిపోయినా బట్టమీద సూది చిల్లులు మిగిలి ఉన్నందున వాటి వెంటే కుట్టాను, సొంత కల్పనకు చోటివ్వలేదు. వదులైన కన్నును మైనం పట్టించిన దారంతో తల వెనక్కి లాగి ముడివేశాను. అరిగి బోడిగా మారిన చోట్ల ఏమీ చేయలేదు.

ఇప్పుడు జాంబవంతుడు ట్రంకుపెట్టెలో లేడు. గంజి పెట్టని తెల్లని పంచె ముక్కలో చుట్టి చెక్క బీరువా పై అరలో ఉంచాం. ప్లాస్టిక్ సంచి తేమను లోపలే బంధిస్తుంది కాబట్టి నిల్వకు అది పనికిరాదు. కలరా ఉండలు కూడా వేయలేదు. పక్కన పెట్టిన, తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు జూన్ నుంచి నవంబరు దాకా తొందరగా రంగు మారుతుంటాయి, మారగానే కొత్తవి పెట్టి, ఆ పనిమీదే బొచ్చు వెనుక పురుగు జాడ ఉందేమో చూస్తున్నాం. సంక్రాంతికి వచ్చే పిల్లలకు చేతులు కడుక్కున్నాక ఇస్తాం, మూడేళ్లలోపు వాళ్లకు మాత్రం ఇవ్వం. గాజు కళ్లకు వెనక ఉన్నది తీగ, దాన్ని పట్టుకున్నది నేను వేసిన ముడి.