బహుశా నా పేరు విని ఉంటారు

ఈరోజు తరగతిలో తెర మీద చూపించిన ఒక టైపు ఉత్తరంలో, ఒకే ఒక్క మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. 1946లో డాక్టర్ అంబేడ్కర్, అమెరికాలో నల్లజాతివారి హక్కుల కోసం పోరాడిన పండితుడు డబ్ల్యూ. ఇ. బి. డుబోయిస్‌కు రాసిన ఉత్తరం అది. తాను భారతదేశంలోని అంటరానివారిలో ఒకడినని పరిచయం చేసుకుని, "బహుశా" మీరు నా పేరు విని ఉంటారని రాశారాయన.

మా ఊరి కూడలిలో నీలం కోటుతో నిలబడి ఉండే ఆయనను చూస్తూ పెరిగిన నాకు, ఆ "బహుశా" చదవగానే గొంతు పూడుకుపోయింది.

నల్లజాతి అమెరికన్లు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞాపన ప్రతులు రెండు మూడు పంపమని ఆయన అడిగారు. అంటరానివారి స్థితికీ, వారి స్థితికీ ఎంతో పోలిక ఉన్నందున వారి గురించి చదవడం సహజమే కాదు, అవసరం కూడా అన్నారు.

డిగ్రీలో ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాలు తీసుకున్నానని చెప్పినప్పుడు, "వాళ్ల చరిత్ర మనకెందుకమ్మా?" అని పెదనాన్నగారు అడిగారు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కళాశాల విద్యార్థులు మొదలుపెట్టి, నాలుగు నెలలకు పైగా సాగించిన సమ్మెతో ఈ చదువుకు విశ్వవిద్యాలయాల్లో చోటు దొరికిందని చెప్పాను గానీ, ఆయన అడిగినదానికి అది జవాబు కాదని నాకూ తెలుసు.

డుబోయిస్ ఇచ్చిన ప్రత్యుత్తరం చిన్నదే. మీ పేరు నాకు తెలుసు, అంటరానివారి పట్ల నాకు పూర్తి సానుభూతి ఉంది అన్నారు.

రెండు ఉత్తరాలనూ ఇందాకే పెదనాన్నగారికి పంపాను. అక్కడ ఇంకా తెల్లవారలేదు.