అత్తమ్మ మంచం మారిన రోజు

ఆదివారం, రాత్రి పది.

పొద్దున పదకొండింటికి కరెంటు పోయింది. అత్తమ్మకు మజ్జిగ ఇద్దామని వెనక గదిలోకి వెళ్లాను. బయట ఎండ మండిపోతోంది, గదిలో మాత్రం ఆమె ముఖం కనిపించలేదు. గ్లాసు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాను. మోకాళ్ల నొప్పులని సంక్రాంతి తర్వాత హాలియా దగ్గరి ఊరి నుంచి నల్లగొండకు తీసుకొచ్చి, ఈ గదే ఇచ్చాం. రోజంతా ట్యూబులైటు వెలుగుతూ ఉండడంతో ఇది చీకటి కొట్టు అన్న సంగతి ఇన్నాళ్లూ నాకు తట్టనే లేదు.

కిటికీ ఉంది. తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. గిలాబు చేయని ఇటుకలు, వాటి సందుల్లోంచి కారి గడ్డకట్టిన సిమెంటు. మూడు నెలలుగా ఆమె చూస్తున్నది అదే.

ఊళ్లో వాకిట్లో కూర్చుని దారిన పోయే ప్రతి మనిషినీ పలకరించేది. ఇక్కడికి వచ్చాక పగలంతా కునికిపాట్లు, రాత్రి రెండింటికి మేలుకుని కూర్చోవడం. అన్నం సగం వదిలేసేది. మా చిన్నవాడు గదిలో అడుగు పెడితే కసిరేది. వయసు మీద పడిందని ఆయన అన్నారు. నా మీద కోపమేమోనని నేను లోలోపల కుమిలిపోయాను. పొద్దుటి వెలుతురు కంటికి సోకితేనే ఒంటికి పగలూ రాత్రీ లెక్క తెలుస్తుందని బడిలో పిల్లలకు పాఠం చెప్పేది నేనే. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటోంది.

ఎప్పుడో చదివింది గుర్తొచ్చింది. రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 1984లో ప్రకటించిన సంగతి. అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయిన 46 మంది రికార్డులు తిరగేశాడు. సగం మంది గది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, మిగతా సగానికి ఇటుక గోడ. చెట్లు కనిపించినవాళ్లు త్వరగా ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. అక్కడా ఇటుక గోడే!

మన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయంలో వెలుతురు ఎటు నుంచి రావాలో, నీడ ఎక్కడ నిలవాలో లెక్కగట్టి రాళ్లు పేర్చారు. పగలంతా గర్భగుడిలో ఆ నీడ చెదరదు. ఆ గుడికి కూతవేటు దూరంలో ఉంటూ మనం కిటికీకి, గోడకు మధ్య గజం జాగా వదలలేకపోతున్నాం.

కరెంటు రాకముందే ఆయనా నేనూ నులక మంచాన్ని వరండాలోకి మోసుకొచ్చాం. ఎదురుగా వీధి, గేటు పక్కన కానుగ చెట్టు. మధ్యాహ్నం వడగాలికి తడిపిన గోనెపట్టా కట్టాం.

అరగంట సేపు అత్తమ్మ ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "బియ్యం ఇటు తీసుకురా బిడ్డా, రాళ్లు ఏరుతాను" అంది. చాట ఒళ్లో పెట్టుకుంది. బియ్యం మీద కానుగాకుల నీడ కదులుతోంది, ఆ నీడలోంచి ఆమె వేళ్లు ఒక్కొక్క మెరిగనూ పట్టి పక్కకు తోస్తున్నాయి. చిన్నవాడు వచ్చి మంచం పట్టె మీద కూర్చున్నాడు. కసరలేదు. వాడి అరచేతిలో నాలుగు గింజలు పోసి, ఏది రాయో చెప్పమంది.

ఒక్క రోజుకే అంతా కుదిరిపోయిందని అనను. మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. రాత్రి మాత్రం అన్నం మారు వడ్డించుకుంది.

ఇందాక దుప్పటి కప్పబోతే చేయి పట్టుకుంది. "రేపు బియ్యం కడిగిన నీళ్లు పారబోయకు. ఆ చెట్టు మొదట్లో పోయ్."