‘డిడ్ నాట్ వెంట్’ దగ్గర మొదలైన నా ఇంగ్లిష్ ప్రిపరేషన్

పోటీ పరీక్ష మొదటి ప్రయత్నంలో నన్ను ముంచింది లెక్కలు కాదు, రీజనింగ్ కాదు. ఇంగ్లిష్. 25 ప్రశ్నల్లో 22 పెట్టాను, 8 కరెక్ట్. తప్పుకు పావు మార్కు కోత పోగా చేతికొచ్చింది 4.5. విచిత్రం ఏమిటంటే, హాల్లోంచి బయటికొచ్చేటప్పుడు ఇంగ్లిష్ బాగానే చేశానన్న ధీమాతో ఉన్నాను. చదివిన ప్రతి వాక్యం అర్థమైంది కదా మరి! వాక్యం అర్థం కావడం వేరు, అందులో తప్పు కనిపించడం వేరు అని కీ చూసుకున్నాకే తెలిసింది.

ఆ తప్పుల్లో ఒకటి ఇప్పటికీ గుర్తుంది. వాక్యంలో తప్పున్న ముక్కను పట్టుకోవాలి, తప్పు లేకపోతే ‘నో ఎర్రర్’ పెట్టాలి, అలాంటి ప్రశ్న అది. ‘హి డిడ్ నాట్ వెంట్ టు ద మీటింగ్’ అన్న వాక్యానికి ‘నో ఎర్రర్’ పెట్టాను. జరిగిపోయిన సంగతి కాబట్టి ‘వెంట్’ ఉండాల్సిందే అని నా లెక్క. నాతోపాటు ప్రిపేరవుతున్న ఒక అక్కకు ఆ ప్రశ్న చూపించాను. ఆమె రూల్ చెప్పలేదు.

“‘వెళ్లాడు’కి వ్యతిరేకం చెప్పు” అంది.

“వెళ్లలేదు.”

“‘వెళ్లాడులేదు’ అని ఎందుకు అనలేదు?”

నా దగ్గర జవాబు లేదు. ‘లేదు’ వచ్చి చేరగానే ‘వెళ్లాడు’ను మనం ‘వెళ్ల’ చేసేస్తాం. పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే, ఎవరూ నేర్పలేదు. ఇంగ్లిష్‌లోనూ అంతే, ‘డిడ్’ రాగానే ‘వెంట్’ కాస్తా ‘గో’ అయిపోతుంది. ఆ రోజు తర్వాత ఈ తప్పు నేను మళ్లీ చేయలేదు.

నిజానికి అప్పటికి నాకు గ్రామర్‌కు కొదవేమీ లేదు. గోడ మీద 12 టెన్సుల చార్ట్ ఉంది. నోట్సులో వందకు పైగా రూల్స్ ఉన్నాయి. ఎవరిని అడిగినా ఒకటే సలహా: ‘తెలుగులో ఆలోచించడం మానెయ్, ఇంగ్లిష్‌లోనే ఆలోచించు.’ ఇంగ్లిష్ వస్తే కదా ఇంగ్లిష్‌లో ఆలోచించడానికి! తెలుగు మీడియం నుంచి వచ్చిన నాకు ఆ సలహా ఒక్క మార్కు కూడా తెచ్చిపెట్టలేదు. అక్క మాట విన్నాక రెండో ప్రయత్నానికి రివర్స్‌లో వెళ్లాను. ప్రతి రూల్ దగ్గరా ఆగి, ఇది తెలుగులో ఎలా ఉంటుంది, ఇక్కడ తెలుగు నన్ను కాపాడుతుందా, ముంచుతుందా అని చూసుకున్నాను. కాపాడేవి నేను అనుకున్నదానికంటే చాలా ఎక్కువ.

ముందు హెల్పింగ్ వర్బ్స్ సంగతి. బేసిక్స్ కూడా రానివాళ్లు టెన్సుల చార్ట్ కన్నా ముందు ఇది పట్టుకోండి. వెనకాల వచ్చే వర్బ్ ఏ రూపంలో ఉండాలో హెల్పింగ్ వర్బే నిర్ణయిస్తుంది. డు, డజ్, డిడ్ తర్వాత వి1, అంటే ‘గో’ లాంటి అసలు రూపం. విల్, క్యాన్, షుడ్, మస్ట్ లాంటివాటి తర్వాత కూడా వి1. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ తర్వాత వి3, అంటే ‘గాన్’ లాంటి మూడో రూపం. ఈజ్, ఆర్, వాజ్, వర్ తర్వాత ఐఎన్‌జీ రూపం, ‘చేయబడింది’ లాంటి పాసివ్ అయితే వి3. హెల్పింగ్ వర్బులు వరసగా రెండు మూడు వచ్చినా ఇదే లెక్క. ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ చూడండి. హ్యాజ్ వచ్చింది కాబట్టి ‘బి’కి వి3 అయిన ‘బీన్’ వచ్చింది, బీన్ వచ్చింది కాబట్టి ‘వర్కింగ్’ వచ్చింది. రైలు పెట్టెల్లా ఒకదాని కొక్కెం ఇంకోదానికి. ఇది పట్టుబడ్డాక 12 టెన్సుల చార్ట్‌ను గోడ మీంచి తీసేశాను.

ఇందులోంచే ఇంకో మాట వస్తుంది. వి2, అంటే ‘వెంట్’ లాంటి పాస్ట్ రూపం, ఎప్పుడూ ఒంటరిగానే ఉంటుంది, దాని ముందు హెల్పింగ్ వర్బ్ నిలబడదు. ‘షుడ్ హ్యావ్ వెంట్’, ‘హ్యాజ్ బ్రోక్’, ‘వాజ్ రోట్’ ఎక్కడ కనిపించినా కళ్లు మూసుకుని తప్పు అని పెట్టొచ్చు. కాకపోతే దీనికి వి2, వి3 రూపాలు నోటికి రావాలి. అక్కడ తెలివి పనిచేయదు, బట్టీయే. రోజుకు పది వర్బులు చొప్పున పెట్టుకున్నాను. నెలరోజులు బోర్ కొట్టింది, అయినా అయిపోయింది.

ఇక నాకు ఎక్కువ మార్కులు తెచ్చిపెట్టింది సబ్జెక్ట్–వర్బ్ అగ్రిమెంట్, అంటే కర్త ఏకవచనమా బహువచనమా అన్నదాన్ని బట్టి వర్బ్ మారడం. ఇక్కడ తెలుగు చేసినంత సాయం ఏ పుస్తకమూ చేయలేదు. ఈ వాక్యం చూడండి: ‘ద లిస్ట్ ఆఫ్ ద సెలెక్టెడ్ క్యాండిడేట్స్ హ్యావ్ బీన్ రిలీజ్డ్.’ గబగబా చదివితే బాగానే ఉన్నట్టుంటుంది. వర్బ్ పక్కనే ‘క్యాండిడేట్స్’ ఉంది కాబట్టి ‘హ్యావ్’ మన చెవికి అతికినట్టు వినిపిస్తుంది. ఇప్పుడు దీన్నే తెలుగులో చెప్పండి. ‘ఎంపికైన అభ్యర్థుల జాబితా విడుదలైంది.’ ‘విడుదలయ్యారు’ అని ఎవరైనా అంటారా? తెలుగులో అసలు కర్త జరుగుతూ జరుగుతూ క్రియ పక్కకే వచ్చి కూర్చుంటుంది. ఇంగ్లిష్‌లో ముందే వచ్చేసి, మధ్యలో ‘ఆఫ్’ తోకను వేలాడదీస్తుంది. ఆ తోకను చూసి మనం మోసపోతాం. జాబితా ఒక్కటే, కాబట్టి ‘హ్యాజ్’.

అందరూ భయపడే ‘ఏ నంబర్ ఆఫ్’, ‘ద నంబర్ ఆఫ్’ కూడా ఇలాగే తేలిపోయాయి. ‘చాలామంది విద్యార్థులు వచ్చారు’, కాబట్టి ‘ఏ నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హ్యావ్ కమ్’. ‘విద్యార్థుల సంఖ్య పెరిగింది’, కాబట్టి ‘ద నంబర్ ఆఫ్ స్టూడెంట్స్ హ్యాజ్ ఇంక్రీజ్డ్’. ‘అలాంగ్ విత్’ కూడా అంతే. కెప్టెన్ తన ఆటగాళ్లతో కలిసి వచ్చాడు అంటాం గానీ వచ్చారు అనం. గౌరవం సంగతి పక్కన పెట్టండి, గ్రామర్‌కు మర్యాదలు తెలియవు.

ఈ చిట్కా అన్నిచోట్లా పనిచేస్తుందనుకుంటే మాత్రం నాలాగే దెబ్బతింటారు. ‘అందరూ సిద్ధంగా ఉన్నారు’ అని మనకు బహువచనం, ఇంగ్లిష్‌లో ‘ఎవ్రీవన్ ఈజ్ రెడీ’ అని ఏకవచనం. ‘ఈచ్’, ‘ఎవ్రీ’, ‘ఎవ్రీబడీ’ కనిపిస్తే తెలుగును మరిచిపోండి. ‘ఫర్నిచర్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘అడ్వైస్’, ‘లగేజ్’ కూడా అంతే. మనం సలహాలు అంటాం గానీ ‘అడ్వైసెస్’ అన్నది ఇంగ్లిష్‌లో తప్పు. ఇలాంటివి పాతిక ముప్పై ఉంటాయి, ఒక పేజీలో రాసుకుంటే సరిపోతుంది.

టెన్సుల్లో తెలుగు నన్ను ముంచింది, ఒడ్డుకూ చేర్చింది. ‘రోజూ ఆరింటికి లేస్తాను’, ‘రేపు ఆరింటికి లేస్తాను’ రెండింటికీ మనది ఒకటే ‘లేస్తాను’. ఇంగ్లిష్‌లో మొదటిది ‘ఐ గెట్ అప్’, రెండోది ‘ఐ విల్ గెట్ అప్’. ‘చూశాను’ కూడా అంతే. అది ‘సా’ అవుతుందా, ‘హ్యావ్ సీన్’ అవుతుందా అన్నది తెలుగు చెప్పదు. అక్కడ వాక్యంలో టైమ్ చెప్పే మాటను వెతకాలి. ‘యెస్టర్‌డే’, ‘లాస్ట్ వీక్’, ‘అగో’, ‘ఇన్ 2015’ లాంటివి ఉంటే వి2 మాత్రమే. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ తప్పు.

‘ఐ యామ్ స్టడీయింగ్ సిన్స్ టూ ఇయర్స్’ అయితే మన అందరి సొంత వాక్యం. ‘రెండేళ్ల నుంచి చదువుతున్నాను’ను మక్కీకి మక్కీ దించేశాం. కావాల్సింది ‘ఐ హ్యావ్ బీన్ స్టడీయింగ్ ఫర్ టూ ఇయర్స్’. సిన్స్, ఫర్ రెండింటికీ మనకు ‘నుంచి’ ఒక్కటే కావడంతో వచ్చిన చిక్కు ఇది. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఏమిటంటే, ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడటం. ‘రెండేళ్లుగా’ బాగుంది, ‘మూడు గంటలుగా’ బాగుంది, అయితే ఫర్. ‘సోమవారంగా’ అంటే నవ్వొస్తుంది, కాబట్టి ‘సిన్స్ మండే’. పరీక్షలో రెండు సెకన్ల పని.

కండిషన్ వాక్యాల్లో మళ్లీ తెలుగే కాపాడింది. ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’ తప్పు, ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ కరెక్ట్. ఎందుకని అడిగితే ‘వర్షం పడితే ఆగిపోతాం’ అన్న వాక్యం చూపించండి. ‘పడితే’లో భవిష్యత్తు జాడే లేదు. జరగబోయేదంతా ‘ఆగిపోతాం’ అనే రెండో ముక్కలో ఉంది, ఇంగ్లిష్‌లో ‘విల్’ కూడా ఆ రెండో ముక్కకే వస్తుంది.

ఆర్టికల్స్‌లో ఏ, యాన్ వరకూ ఒక తమాషా ఉంది. వాటి తర్వాత వచ్చే మాటను తెలుగు లిపిలో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఏ. అవర్, ఆనెస్ట్, ఎంబీఏ, ఎఫ్ఐఆర్ అచ్చులే, కాబట్టి యాన్. యూనివర్సిటీ, యూరోపియన్, వన్ హల్లులే, కాబట్టి ఏ. స్పెల్లింగ్ చూసి బోల్తాపడే చోట మన లిపి శబ్దాన్ని ఉన్నదున్నట్టు చూపిస్తుంది. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. మనం ‘ఎ’ను ‘యె’లా పలికేస్తాం, ‘యె’ను ‘ఎ’లా రాసేస్తాం. ‘యెల్లో’ను ‘ఎల్లో’ అని రాసుకుని ‘యాన్’ పెట్టి ఒక మార్కు పోగొట్టుకున్నాను. ‘ద’ విషయంలో నాకు ఇలాంటి దారేదీ దొరకలేదు. తెలుగులో దానికి సాటివచ్చే మాట లేదు. పేరాగ్రాఫ్‌లు చదివి చదివి కొంత వచ్చింది, ఇప్పటికీ కొంత గుడ్డిగానే పెడతాను.

వాయిస్ (యాక్టివ్–పాసివ్ మార్పు), నరేషన్ (డైరెక్ట్–ఇన్‌డైరెక్ట్ స్పీచ్) గురించి పెద్దగా చెప్పను. అవి మెకానికల్, రెండు వారాలు రోజూ పది చేస్తే చేయి తిరుగుతుంది. అందరూ అనవసరంగా నెలలు పెడతారు.

ప్రిపొజిషన్లకు షార్ట్‌కట్ ఉందంటే నేను నమ్మను. కానీ మన విభక్తులు ఎక్కడ మోసం చేస్తాయో తెలుసుకోవచ్చు. ‘దాని గురించి చర్చించారు’ అంటాం కాబట్టి ‘డిస్కస్డ్ అబౌట్’ అని రాస్తాం. ‘గదిలోకి ప్రవేశించాడు’ కాబట్టి ‘ఎంటర్డ్ ఇన్‌టు ద రూమ్’, ‘స్టేషన్‌కు చేరాడు’ కాబట్టి ‘రీచ్డ్ టు ద స్టేషన్’. ఈ మూడింటిలో అబౌట్, ఇన్‌టు, టు ఏవీ అక్కర్లేదు. దీనికి ఎదురు కూడా ఉంది. మనం ‘పాట విన్నాను’ అంటే సరిపోతుంది, ఇంగ్లిష్‌లో ‘లిజన్’ తర్వాత ‘టు’ లేకపోతే ఒప్పుకోరు. అందుకే ఇలాంటి మాటను విడిగా ఎప్పుడూ రాసుకోలేదు. ‘లిజన్ టు’, ‘వెయిట్ ఫర్’, ‘డిపెండ్ ఆన్’, ‘సీనియర్ టు’ అని జంటగానే రాసుకున్నాను.

ఇవన్నీ ఒకే నోట్‌బుక్‌లో ఉండేవి. పేజీకి మధ్యలో గీత. ఎడమవైపు మాక్ టెస్టులో నేను తప్పు చేసిన వాక్యం, కుడివైపు ఆ తప్పు చేయించిన తెలుగు మాట. రూల్ నంబర్లు రాయడం మానేశాను. ‘నుంచి’, ‘గురించి’, ‘అందరూ’ అన్న మూడు మాటలే ఎన్ని పేజీల్లో తిరిగి తిరిగి కనిపించాయో చూసి నాకే సిగ్గేసింది. పొద్దున అరగంట పాత పేజీలు, రాత్రి 25 ప్రశ్నలు. ఇంగ్లిష్‌కు రోజుకు గంటన్నరకు మించి ఎప్పుడూ పెట్టలేదు, మిగతా సబ్జెక్టులు ఊరుకోవు కదా.

‘నో ఎర్రర్’ గురించి కూడా ఒక మాట. మొదట్లో తప్పు దొరక్కపోతే అది పెట్టేవాళ్లం, కొంచెం గ్రామర్ వచ్చాక ఎక్కడో తప్పు ఉండే ఉంటుందని అది పెట్టడానికే భయపడతాం. నాకు ఈ రెండో జబ్బు మూడు నెలలు ఉంది. వర్బ్, దాని కర్త, టైమ్ చెప్పే మాట, ప్రిపొజిషన్, ఈ నాలుగూ వరసగా చూసేసి, ఏదీ గుచ్చుకోకపోతే ‘నో ఎర్రర్’ పెట్టి ముందుకు వెళ్లిపోవడం అలవాటు చేసుకున్నాక టైమ్ మిగిలింది.

రెండో ప్రయత్నంలో 21 పెట్టాను, 18 కరెక్ట్, కోత పోగా 17.25. తప్పిన మూడింటిలో రెండు ప్రిపొజిషన్లు, మూడోది ‘ద’. మూడూ అదే రాత్రి నోట్‌బుక్‌లో చేరాయి. ‘ద’ పక్కన కుడివైపు రాయడానికి మాత్రం తెలుగు మాటేదీ దొరక్క ఆ గడి ఖాళీగానే ఉంది.