సర్కారు బడిలో సంగీతం: వాయిద్యాల కంటే ముందు శ్రుతి

సర్కారు బడిలో సంగీతం మొదలుపెడదామనగానే దాతలకు ముందు గుర్తొచ్చేది కీబోర్డు. పాతికమంది పిల్లలు, 40 నిమిషాల పీరియడు, ఒక్క కీబోర్డు. లెక్కేస్తే తలా ఒకటిన్నర నిమిషం. అడాప్టరు పోయిన నాడు అది బీరువా ఎక్కుతుంది. ఆ డబ్బుతో మంచి స్పీకరొకటి కొనండి. ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే తంబురా యాప్ ఫోన్లో ఉన్నదే. ఫోన్ స్పీకరులో కింది షడ్జం ('స') సరిగా వినబడదు, పైగా నెత్తిన ఫ్యాను మోత. స్పీకరును మాస్టారి పక్కన కాకుండా పిల్లల మధ్యలో పెట్టాలి.

ఎక్కువ క్లాసులు చెడేది శ్రుతి దగ్గరే, అంటే పాటకు ఆధారంగా పట్టుకునే 'స' ఎత్తు దగ్గరే. మాస్టారు తన ఒకటి శ్రుతిలో (కీబోర్డు మీద C) పాడతారు. పిల్లలకు ఆ లోతు అందదు, పై స్థాయిలో అందుకుంటారు. తారషడ్జం (పై 'స') చేరేసరికి పాట అరుపవుతుంది. ప్రార్థనలో గట్టిగా అరిచిన అలవాటు ఎలాగూ ఉంది. ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలకు ఐదున్నర, ఆరు శ్రుతుల (G#, A) దగ్గర మొదలుపెట్టి చూడండి. పై 'స' దగ్గర మెడ నరాలు బిగిస్తే అర శ్రుతి దించండి. ఆ శ్రుతి మగ గొంతుకు ఇబ్బందే. అందుకని మాస్టారు ఒకసారి చూపించి, నిలకడగా పాడే పిల్లనో పిల్లాడినో ముందుంచి మిగతావాళ్లచేత అనిపించడం మేలు.

పురందరదాసు కాలం నుంచీ వస్తోందని చెప్పే మాయామాళవగౌళ రాగంలోనే సరళీ వరుసలు (తొలి స్వర పాఠాలు) మొదలుపెట్టవచ్చు, కానీ మొదటి రోజే ఏడు స్వరాలూ అప్పజెప్పించకండి. సినిమా పాటలు విన్న చెవికి ఇక్కడి 'రి' మరీ కిందికి, 'గ' మరీ దూరంగా తోస్తాయి. దాంతో రి పైకి జారుతుంది, గ కిందికి దిగుతుంది. మొదటి వారం స, ప, పై స మాత్రమే. తర్వాత స-రి-స, మ-గ-మ. ఆ నాలుగూ కుదిరితే సగం పని అయినట్టే, ఎందుకంటే స-రి-గ-మ మధ్య ఎంతెంత దూరమో ప-ద-ని-స మధ్యా అంతే.

తాళానికి మెట్రోనోమ్ కొననక్కర్లేదు. టిక్కుటిక్కుమనే గోడ గడియారం నిమిషానికి 60 దెబ్బలు కొడుతుంది. ఆదితాళం ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన రెండుసార్లు దెబ్బ-ఉసి (అరచేతిని తిరగేయడం), మొత్తం ఎనిమిది లెక్కలు. మొదటి వరుస 16 స్వరాలు: మొదటి కాలంలో (లెక్కకో స్వరం) రెండు ఆవర్తనాలు (తాళం పూర్తి చుట్లు), రెండో కాలంలో (రెట్టింపు వేగం) ఒకటి, మూడో కాలంలో (నాలుగింతలు) సగమే. కాబట్టి మూడో కాలంలో రెండుసార్లు పాడితేనే తాళం నిండుతుంది. రెండో కాలం అనగానే పిల్లలు స్వరాలకు బదులు చేతిని పరుగెత్తిస్తారు. సగంమందిని తాళానికే కూర్చోబెట్టి, సగంమందిచేత పాడించి, తర్వాత మార్చండి. బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టిన పిల్లలకు లయ కొత్తేమీ కాదు. పేరు మాత్రమే కొత్త.

మధ్యాహ్న భోజనం అయిన వెంటనే క్లాసు పెట్టకండి, నిండు పొట్టతో ఊపిరి నిలవదు. గొంతు మారుతున్న మగపిల్లలను పై స్వరాల కోసం ఒత్తిడి చేయకండి, తాళం అప్పగించండి. శ్రుతి కలవని పిల్లను "నువ్వు పెదాలు కదుపు చాలు" అంటే ఆ పిల్ల మళ్లీ నోరు తెరవదు. ఇద్దరు గట్టి గొంతుల మధ్య కూర్చోబెట్టండి, చెవి దానంతటదే దారి పడుతుంది.

పత్తి ఏరే రోజుల్లో హాజరు సగానికి పడినా ఆశ్చర్యం లేదు. ఆ నెలల్లో కొత్త వరుస ఎత్తుకోకుండా పాతవే రెండో కాలంలో తిప్పితే, చేను నుంచి తిరిగొచ్చిన పిల్లలు వచ్చిన రోజే కలిసిపోతారు.